రెండో గీత మీద సంతకం

స్పిరిట్ వాసన తగిలితే ఎవరికైనా సూది గుర్తొస్తుంది. నాకు కీబోర్డు గుర్తొస్తుంది, ఆ వెనకే ఒళ్లు మండుకొస్తుంది. మొన్న కొండాపూర్‌లో రక్తపరీక్షకి వెళ్లినప్పుడూ అంతే. అక్కడి నర్సు నా చేతి మీద దూదితో చల్లగా రుద్ది, నా మొహం చూసి, "అంత టెన్షన్ ఎందుకండీ మేడమ్, చీమ కుట్టినట్టే ఉంటుంది" అంది. టెన్షన్ కాదమ్మా, కోపం, అన్నాను. పాపం ఆ పిల్ల, కోపం తన మీదే అనుకుని రెండుసార్లు సారీ చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన కోపం, అందులో సగం నా మీద నాకే ఉన్న కోపం, రక్తం తీసే టేబుల్ దగ్గర కూర్చుని ఎలా వివరించను? చేతికి ప్లాస్టర్ అంటించుకుని బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఆ వాసన పోయేదాకా సలోమి మేడమ్ నా పక్కనే ఉన్నట్టు ఉంది.

సలోమి మేడమ్ ఎవరో మీకు తెలియదు, తెలిసే దారి కూడా లేదు. హైటెక్ సిటీ ఎలా వచ్చిందో చెప్పేవాళ్లంతా అద్దాల భవనాల గురించి చెబుతారు, వాటి ముందు నిలబడి ఫోటోలు దిగినవాళ్ల గురించి చెబుతారు. లోపల ఒక గదిలో కూర్చుని, తప్పుని తప్పు అన్నందుకు బయటికి నడిచిన ఆవిడ గురించి ఒక్కరూ చెప్పరు. అందుకే నేను రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అది తొంభైల చివర. అప్పటి హైటెక్ సిటీ అంటే ఒక పెద్ద భవనం, చుట్టూ రాళ్లగుట్టలు, సీతాఫలం తుప్పలు, ఎర్రదుమ్ము. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా ఇంటి సందు చివర కంపెనీ బస్సు ఎక్కితే, దారి పొడుగునా కిటికీలోంచి గేదెలు కనిపించేవి. మా కంపెనీకి ఒక విదేశీ ప్రచురణ సంస్థ పని అప్పగించింది. వాళ్ల దగ్గర దశాబ్దాల నాటి పత్రికల సంచికలున్నాయి. అందులోని వ్యాసాలన్నీ మళ్లీ టైపు చేసి కంప్యూటర్‌లో భద్రపరచాలి, కావలసినప్పుడు వెతికి, దిద్ది, వెబ్‌సైట్‌లో పెట్టుకునేలా ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ మేమే రాశాం. ఒక పెద్ద హాల్లో ముప్పై మంది ఆపరేటర్లు కూర్చుని టైపు చేసి సేవ్ నొక్కితే, వ్యాసం వెళ్లి డేటాబేస్‌లో చేరుతుంది. డేటాబేస్ అంటే ఏదో బ్రహ్మపదార్థం కాదు, వ్యాసాలన్నీ వరుసగా సర్దిపెట్టుకున్న పెద్ద బీరువా అనుకోండి చాలు. ఆ బీరువా బాధ్యత సలోమి మేడమ్‌ది. దాంట్లోకి వ్యాసాలు వెళ్లే కోడ్ రాయడం నా పని. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, మొదటి ఉద్యోగం.

ఆవిడది మెదక్ వైపు ఊరు. పదిహేనేళ్లకు పైగా మిషన్ దవాఖానలో నర్సుగా చేశారు. అక్కడ రోగుల రికార్డుల కోసం ఒక కంప్యూటర్ తెచ్చిపెడితే, డాక్టర్లతో సహా అందరూ దాని మీద గుడ్డ కప్పి ఊరుకున్నారట. ఈవిడ గుడ్డ తీశారు. ఆ తర్వాత అమీర్‌పేటలో, తన పిల్లల వయసువాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని డేటాబేస్ కోర్సు చేశారు. మా దగ్గర చేరేనాటికి నలభై అయిదు దాటాయి. నూలు చీర, ఎడమ భుజం దగ్గర పిన్నుతో తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, స్పిరిట్ దూదితో హాల్లోని కీబోర్డులన్నీ తుడిచేవారు. "ముప్పై మంది చేతులు పడుతయ్, జలుబులు గిట్ల అంటుకుంటయ్" అనేవారు. ఇంజినీర్లందరం వెనకాల నర్సమ్మ అని నవ్వుకునేవాళ్లం. మేం ఇంజినీరింగ్ చదివొచ్చాం కదా, మాకు కొమ్ములుండేవి. నవ్వినవాళ్లలో నేను ముందుండేదాన్ని.

ఆ కొమ్ములు విరిగింది చేరిన మొదటి నెలలోనే. ఒకరోజు ఆవిడ గదిలోకి విసవిసా వెళ్లి, "మీ డేటాబేస్ చాలా స్లోగా ఉందండీ మేడమ్" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "ఎంత?" అన్నారు.

"చాలా అండి."

"చాలా అంటే ఎంత? పేషెంట్‌కు జ్వరమున్నదంటే ఎంత ఉన్నదని అడుగుతరా లేదా? చాలా ఉన్నదని చెప్తే డాక్టర్ ఏం మందు రాస్తడు, నా తలకాయ?"

"సేవ్ నొక్కితే లేటవుతోందండి."

"పో పిల్లా. పోయి పదిసార్లు నొక్కు, పదిసార్లు గడియారం చూడు. కాయితం మీద రాసుకొని రా. గప్పుడు మాట్లాడుదాం."

గొణుక్కుంటూ వెళ్లి నొక్కాను. ఎనిమిదిసార్లు సెకనులోపే అయిపోయింది. రెండుసార్లు మాత్రం ఏడేసి సెకన్లు పట్టింది. ఆ రెండుసార్లూ పక్కన ఇంకో ఇంజినీరు పెద్ద ఫైలు కాపీ చేస్తున్నాడు. కాగితం చూసి ఆవిడ నవ్వారు. "ఎనిమిదిసార్లు మంచిగ పని చేసినదాన్ని బదనాం చేసినవ్ కదనే. మనుషులను గిట్ల అంటే ఊకుంటరా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆ గదిలోకి కాగితం లేకుండా వెళ్లలేదు.

ఇక మా ప్రాజెక్ట్ మేనేజర్ చక్రధర్. పేరు పక్కన గారు పెట్టడానికి నాకు ఇప్పటికీ చేయి రావడం లేదు, క్షమించాలి. మనిషి మాటకారి. ఎండాకాలంలో కూడా టై విప్పడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, ఆపరేటర్లు పొద్దుట్నుంచి టైపు చేసిందంతా గాల్లో కలిసిపోయింది. ఆ యూపీఎస్ పాడైందని సలోమి మేడమ్ రెండుసార్లు రాసిచ్చి ఉన్నారు, ఆయన పట్టించుకోలేదు. తిట్లు మాత్రం ఆపరేటర్లకి పడ్డాయి. "ఇవాళ్టి నుంచి ప్రతి పేరా తర్వాత సేవ్ నొక్కాలి. నొక్కనివాళ్లు రేపట్నుంచి నాకు కనబడకూడదు" అని హాలు మధ్యలో నిలబడి హుకుం జారీ చేశాడు. ఈ హుకుం గుర్తుపెట్టుకోండి.

రెండు వారాలకి ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. హాలు గోడకి పెద్ద టీవీ పెట్టి, క్రికెట్ స్కోర్ లాగా, పైన హాలు మొత్తం మీద పూర్తయిన పేజీలు, కింద ఒక్కొక్క ఆపరేటర్ పేరు, ఆమె చేసిన పేజీలు చూపించాలట. ఎవరు సేవ్ నొక్కినా ఆ క్షణంలోనే అంకెలు మారాలట. "ఉషా, నువ్వయితేనే చెయ్యగలవమ్మా" అన్నాడు. ఉబ్బిపోయి రెండు రోజుల్లో రాసి ఇచ్చాను. టీవీ వెలిగిన రోజు అందరి ముందూ నాకు చప్పట్లు కొట్టించాడు. సలోమి మేడమ్ మాత్రం టీవీ వైపు చూసి, "ఏ పేషెంట్‌కు ఎంత జ్వరమున్నదో బజార్ల బోర్డు పెట్టి చెప్తరా?" అని వెళ్లిపోయారు. ఆవిడకి గిట్టదులే, ముసలి ఆలోచనలు, అనుకున్నాను. నా మొహం!

టీవీ వచ్చిన వారానికే పేజీలు తగ్గడం మొదలైంది. రోజూ తగ్గాయి. కింద ఉన్నవాళ్ల పేర్లు ఎర్రగా కనిపించాలని ఆయన అడిగితే, నేను ఆ రంగు కూడా వేసిపెట్టాను. "వీళ్లకి చేతులు లేవట్లేదు, మాటల మీద ఉంది ధ్యాస" అన్నాడు చక్రధర్. సాయంత్రం పూట నోటీసు బోర్డు మీద తక్కువ పేజీలు చేసిన అయిదుగురి పేర్లు, అందరికన్నా తక్కువ చేసినవాళ్లది ముందుగా, అంటించేవాడు. శనివారానికల్లా ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదైతే వాళ్లు ఇంటికెళ్లిపోవాలన్నాడు. వరసగా మూడు రోజులు మొదటి పేరు అనసూయది.

అనసూయ కొత్తగూడ పిల్ల. మేమంతా ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వచ్చేవాళ్లం, ఆమె నడిచొచ్చేది. "మా నాయిన బర్లను ఈ గుట్టల మీదనే మేపెటోడు. గిప్పుడు నేను గదే జాగల ఏసీల కూసున్న అక్కా" అని నవ్వేది. టైపు హయ్యర్ పాసైంది. వాళ్లింట్లో ఆఫీసు గడప తొక్కిన మొదటి మనిషి. చెల్లెలు కూడా టైపు నేర్చుకుంటానంటే, ముందు పెద్దదాని ఉద్యోగం నిలబడనీ, అప్పుడు చూద్దాం అన్నారట ఇంట్లో. అంటే ఆమె ఉద్యోగం పోతే పోయేది ఒక్క ఉద్యోగం కాదు, ఇద్దరు ఆడపిల్లలు ఆ ఇంటి గడప దాటడం. బుధవారం మధ్యాహ్నం ఆమె సలోమి మేడమ్ గదికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఏడవలేదు, అరవలేదు. రెండు చేతులూ టేబుల్ మీద చాపింది.

"మేడమ్, మీరు దవాఖానల చేసిండ్రట కద. నా చేతులల్ల ఏమన్న లోపమున్నదా, జర చూసి చెప్పుండ్రి. నేనైతే ఆపకుంట కొడుతున్న. మరి పేజీలెందుకు అయితలేవో సమజైతలేదు."

ఆవిడ నవ్వలేదు. ఆ చేతులు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ మడిచి, తెరిచి, నిజంగానే చూశారు. "చేతులు మంచిగున్నయ్ బిడ్డా. ఫికర్ చెయ్యకు. ఇగ మిషన్‌ను చూస్త" అన్నారు.

మర్నాడు పొద్దున హాల్లో ప్రతి కంప్యూటర్‌కీ పురికొసతో ఒక అట్ట వేలాడుతోంది. దవాఖానలో మంచం కాళ్ల దగ్గర తగిలించే చార్టు లాంటిదే. దాని మీద రెండు గడులు. ఒకటి చేతులు ఆడిన సమయం, రెండోది ఇసుక గడియారం సమయం. అప్పటి కంప్యూటర్లలో సేవ్ నొక్కాక పని పూర్తయ్యేదాకా తెర మీద చిన్న ఇసుక గడియారం బొమ్మ వచ్చేది, అది ఉన్నంతసేపూ ఒక్క అక్షరం టైపు చేయడానికి వీలుండేది కాదు. ఆవిడ ఒక వరస, నేనొక వరస తీసుకుని, ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, నాడి చూసినట్టు సెకన్లు లెక్కపెట్టి చార్టులో రాశాం. మధ్యాహ్నానికి అనసూయ చార్టు కూడి, నమ్మలేక మళ్లీ కూడాను. గంటలో ఆమె చేతులు ఆడింది సగం కూడా లేదు. మిగతా సమయమంతా ఒళ్లో చేతులు పెట్టుకుని ఇసుక గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఆడిన ఆ కాసేపట్లో ఆమె వేగం చూస్తే, హాల్లో ఆమెని మించినవాళ్లు లేరు. ఒక్కరంటే ఒక్కరు లేరు!

మరి ఇసుక గడియారం ఆమెకే ఎందుకు అంతసేపు? సంగతి పక్క సీటు అమ్మాయి గుసగుసగా చెప్పింది. "సేవ్ నొక్కితే ఇరవై సెకన్లు పోతోందండీ మేడమ్. అందుకే మేమంతా పేజీకి ఒక్కసారే నొక్కుతున్నాం. అనసూయే, సార్ చెప్పారని, పేరా పేరాకీ నొక్కుతోంది." విన్నారా? హాలు మొత్తంలో మేనేజర్ మాట విన్నది ఆ ఒక్క పిల్ల. మేనేజర్ ఇంటికి పంపిస్తానన్నది కూడా ఆ ఒక్క పిల్లనే. ఇప్పుడు రాస్తుంటే కూడా నా పళ్లు బిగుసుకుపోతున్నాయి.

శుక్రవారం భోజనాల వేళ హాలు ఖాళీ అయ్యాక, మేడమ్ అనసూయ కంప్యూటర్ ముందు కూర్చుని అదే వ్యాసం సేవ్ నొక్కారు. సెకను కూడా పట్టలేదు. మళ్లీ నొక్కారు, అంతే. భుజం మీది గడియారం వదిలేసి నా వైపు తిరిగారు.

"ఒక్కరుంటే సెకను. ముప్పై మంది ఉంటే ఇరవై సెకన్లు. మిషన్‌కు బలం లేక కాదు పిల్లా ఇది. ఎక్కడనో లైను కట్టిండ్రు. దేని ముంగట కట్టిండ్రో దొరకవట్టాలె."

అందరూ తిరిగొచ్చాక అయిదుగురిని ఒకేసారి నొక్కమన్నారు, తర్వాత పదిమందిని, తర్వాత అందరినీ. మనుషులు పెరిగినకొద్దీ సమయం పెరిగింది. అందరూ నొక్కి ఎదురుచూస్తున్న ఆ క్షణంలో, ఎవరు దేని కోసం ఆగి ఉన్నారో చూపించే జాబితా డేటాబేస్ నుంచి తీసి ప్రింట్ ఇచ్చారు. దాదాపు ముప్పై వరసలు. అన్నిటి చివరా ఒకటే పేరు. నా స్కోర్ బోర్డులో హాలు మొత్తం పేజీల సంఖ్య ఉండే ఆ ఒక్క గడి.

జరిగింది ఇది. ఎవరు సేవ్ నొక్కినా, నా కోడ్ ముందుగా ఆ మొత్తం అంకెని చేతిలోకి తీసుకుంటుంది. తీసుకుని, వదలకుండా, వ్యాసమంతా రాసి, వెతకడానికి కావలసిన మాటలన్నీ ఏరి పెట్టి, ఆఖర్న వదులుతుంది. ఆఫీసులో ఒకటే హాజరు పుస్తకం ఉందనుకోండి. మొదట వచ్చినవాడు సంతకం పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకునే తన పనంతా చేసుకుని, అప్పుడు రెండోవాడికి ఇచ్చినట్టు. వెనక ఎంతమంది నిలబడితే ఏం, ఒక్కొక్కరే కదలాలి. నెమ్మదిగా పనిచేసేవాళ్లని పట్టుకోవడానికి పెట్టిన బోర్డే అందరినీ నెమ్మది చేసింది. దాన్ని రాసింది నేను. చప్పట్లు కొట్టించుకున్నది నేను.

"ఎవరు రాసిండ్రు ఇది?" అన్నారు ఆవిడ. ఆవిడకి తెలుసు.

"నేనేనండి."

"మంచిది. రోగమేందో తెలిసింది కద. బోర్డును పది నిమిషాలు బంద్ చేసి చూద్దాం."

నేను ఆపాను. టీవీ నల్లబడింది. హాల్లో ఒక్కసారిగా నవ్వులు. "అయ్యో, అప్పుడే అయిపోయిందా!" అని ఎవరో అరిచారు. ముప్పై మందీ పని చేస్తుండగానే సేవ్ సెకనులోపే పూర్తవుతోంది. అనసూయ వేళ్లు ఆగకుండా పరిగెత్తడం నేను మొదటిసారి చూశాను. ఆరు నిమిషాలు కూడా కాకుండానే చక్రధర్ గదిలోంచి వచ్చి, "టీవీ ఎవరు ఆపారు?" అన్నాడు. సలోమి మేడమ్ చార్టు చూపించబోయారు. "రేపు మాట్లాడదాం మేడమ్, ముందు అది ఆన్ చెయ్యి ఉషా" అన్నాడు. చేశాను. హాలు మళ్లీ ఇసుక గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున ఆయన గదిలో ముగ్గురం. మేడమ్ చార్టులన్నీ టేబుల్ మీద పరిచి, వేలు పెట్టి చూపిస్తూ అంతా చెప్పారు. ఆయన వినలేదని అనను. విన్నాడు. అర్థం కూడా చేసుకున్నాడు. అదే నాకు మంట. అర్థం కాక చేసినవాణ్ణి ఎప్పటికైనా క్షమించొచ్చు.

"మేడమ్, వచ్చే వారం క్లయింట్ వస్తున్నాడండి. ఆ టీవీ చూడ్డానికే వస్తున్నాడు. మన సాఫ్ట్‌వేర్‌లో తప్పుందంటే మనం వెధవలమవుతాం. పనిచేయని మనుషుల్ని మార్చామంటే మనం గట్టివాళ్లం. ఆలోచించండి" అని, నా వైపు తిరిగాడు. "ఏమ్మా ఉషా, నువ్వు చెప్పు. నీ కోడ్‌లో తప్పుందా?"

నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ నెలలోనే ఆయన చేతి మీదుగా రావాలి. సలోమి మేడమ్ నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇప్పటికీ అనుకుంటాను, ఆవిడ నన్ను చూసి ఉంటే చెప్పేదాన్నేమో అని. అది కూడా సాకే. "ఇంకా చూడాలండి సర్" అన్నాను. చూడ్డానికేం మిగల్లేదు. అంతా చూసేశాను. ఆ మూడు మాటలతో అనసూయని నేనే పంపించేశాను.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ బాక్సు సర్దుకుంది. వెళ్లే ముందు సలోమి మేడమ్ టేబుల్ దగ్గరికి వచ్చి కాస్త స్పిరిట్ దూది అడిగి తీసుకెళ్లి, తన కీబోర్డు మూలమూలలా తుడిచింది, తర్వాత కూర్చునేవాళ్ల కోసం. ఆ వాసన హాలంతా పరుచుకుంది. నేను తెర వెనక తల దాచుకుని ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను.

సోమవారం చక్రధర్ నన్ను పిలిచి, "చప్పుడు లేకుండా సరిచేసెయ్" అన్నాడు. అరగంట పని. పేజీల లెక్క సేవ్‌లోంచి బయటికి తీసి, నిమిషానికోసారి విడిగా కూడేలా మార్చాను. టీవీ ఉంది, వేగమూ వచ్చింది. ఆ వారం క్లయింట్ వచ్చినప్పుడు పెరిగిన పేజీలు చూపించి, "మనుషుల్లో ఏరివేత చేశాం, ఫలితం చూడండి" అన్నాడు. ఆ క్లయింట్ చెయ్యి కలిపాడు. మనిషన్నవాడు ఆ మాట ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పక్కనే నిలబడి నేనెలా వినగలిగానో అంతకన్నా అర్థం కాదు.

ఆ సాయంత్రమే సలోమి మేడమ్ కార్బన్ పెట్టి తన చేత్తో మూడు ప్రతులు రాశారు. అనసూయ పనిలో ఏ లోపమూ లేదని, ఆలస్యం సాఫ్ట్‌వేర్ వల్లనేనని, కొలతలతో సహా. కింద రెండు గీతలు గీశారు. మొదటి దాని కింద డేటాబేస్ బాధ్యురాలు అని, రెండో దాని కింద కోడ్ రాసినవారు అని ఉంది. తన గీత మీద సంతకం పెట్టి పెన్ను నాకు చాపారు. "రేపు పెడతానండీ" అన్నాను. ఆవిడ పెన్ను వెనక్కి తీసుకున్నారు. మూతపెట్టి, మొదటి ప్రతి చక్రధర్ టేబుల్ మీద పెట్టి, రెండోది సంచిలో వేసుకుని, "నడువ్, కొత్తగూడ పోదాం" అన్నారు.

కొత్తగూడలో అనసూయ వాళ్లది పెంకుటిల్లు, ముందు రాళ్ల గోడ, లోపల రెండు గేదెలు. మంచం వాల్చి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కాగితం మెల్లగా చదివింది, మళ్లీ చదివింది. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలికి వినబడేలా, "చూసినవా, నా చేతులల్ల లోపం లేదని రాసిండ్రు" అంది. అప్పుడు ఆమె వేలు కింది గీత మీదికి వెళ్లింది.

"గీ రెండో గీత మీద ఎవరూ పెట్టలేదేంది మేడమ్? రాసినామె ఎవరు?"

నేను ఆమెకి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. చాయ్ గ్లాసు చేతిలో కాలుతోంది. సలోమి మేడమ్ తొణకలేదు. "ఆమె కూడ పెడ్తది బిడ్డా. జర టైమ్ పడ్తది" అన్నారు. అంతే. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏడ్చి, కాళ్ల మీద పడి, అక్కడే సంతకం పెట్టేదాన్ని. నన్ను ఏడవనివ్వలేదు, నాతో బలవంతంగా పెట్టించనూ లేదు. ఆవిడ పద్ధతే అంత.

అనసూయని వెనక్కి పిలవలేదు. ఆ కాగితం రాసినందుకు సలోమి మేడమ్‌ని సంజాయిషీ అడిగారు. ఆవిడ సంజాయిషీ బదులు రాజీనామా రాసి, మిషన్ దవాఖానకే తిరిగి వెళ్లిపోయారు. వెళ్తూ మూడో ప్రతి నా డెస్కు మీద పెట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది. చక్రధర్ పెద్ద పదవుల్లోకి వెళ్లాడు, ఇప్పటికీ పనిమంతుల్ని ఎలా ఏరుకోవాలో సభల్లో ఉపన్యాసాలిస్తుంటాడు. పోనీలే అనుకోమంటారు కొందరు. పోనీ ఎందుకనుకోవాలి?

ఆ సంతకం పెట్టడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. అప్పటికి ఆ కంపెనీ వదిలేసి చాలా కాలమైంది, కాబట్టి అందులో గొప్పతనమేమీ లేదు. కాగితం పట్టుకుని మెదక్ వెళ్లాను. ఆవిడ రిటైరై, వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. గడియారం లోపల మేకుకి వేలాడుతోంది. కాగితం అందుకుని, రెండో గీత వంక చూసి, "ఎంత?" అన్నారు.

"పదకొండేళ్లండీ."

"రాసుకో" అన్నారు. కాగితం మళ్లీ నా చేతిలోనే పెట్టేశారు. "నాకెందుకు ఇస్తున్నవే? నాకు తెల్వదా? పోయి ఆమెకియ్యి."

వెళ్లాను. ఆ రాళ్ల గోడా లేదు, ఆ ఇల్లూ లేదు. అపార్ట్‌మెంట్లు లేచాయి. దుకాణాల్లో అడిగాను, పాతవాళ్లని వెతికి పట్టుకుని అడిగాను. అమ్ముకుని ఎటో పోయారన్నారు. తర్వాత ఫ్లైఓవర్ కూడా వచ్చింది. దాని మీదుగా ఆఫీసుకి వెళ్తుంటే, రోజూ కింద ఎక్కడో ఆ మంచం, ఆ చాయ్ గ్లాసు ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు నా చేతి కింద కూడా మనుషులున్నారు. ఎవరైనా వచ్చి ఫలానావాళ్లు స్లో అంటే, "ఎంత? దాంట్లో వాళ్లదెంత, మనం రాసిన కోడ్‌దెంత? కాగితం మీద రాసుకుని రండి" అంటాను. తప్పు మాదైతే మొదటి సంతకం నేనే పెడతాను, ఆ రోజే పెడతాను. వెనకాల నన్నూ ఏదో పేరు పెట్టి నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ.

ఆ కాగితం మాత్రం నా సంచిలోనే ఉంది. మొన్న రక్తపరీక్ష దగ్గర మెట్ల మీద కూర్చుని మళ్లీ తీసి చూశాను, మడతల దగ్గర చిరుగుతోంది. అది పూర్తిగా చిరిగిపోయేలోగా చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. కొత్తగూడలో పుట్టి, టైపు హయ్యర్ పాసై, ఆ గుట్టల మీది హాల్లో కొన్నాళ్లు పనిచేసిన అనసూయ మీలో ఎవరికైనా తెలిస్తే, ఆమెకి గానీ ఆమె చెల్లెలికి గానీ చెప్పండి. రెండో గీత మీద ఉండాల్సిన మనిషి ఆ రోజు ఆ మంచం మీదే కూర్చుని చాయ్ తాగింది. పేరు ఉష. అనసూయా, నీ చేతుల్లో ఏ లోపమూ లేదు. లోపం నేను రాసిన దాంట్లో ఉంది.